యజమాని ఎవరు?

"విన్నారా?" అంది కత్తెరమ్మ.

మాస్టారు చెవులు రిక్కించారు. ఏమీ వినబడలేదు.

"అదే నేను చెబుతున్నది. ఏమీ వినబడటం లేదు."

గోడ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. ఒంటిగంటకి భోజనాలు ముగిసి కింద కుట్టుగదిలో మిషన్లు మళ్ళీ మొదలవ్వాలి. మొదలైతే ఆ అదురు మెట్లెక్కి పైకి వస్తుంది, మాస్టారి బల్లమీద గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతాయి. ఇవాళ నీళ్ళు కదలడం లేదు.

ఇది మూడో రోజు. సోమవారం మిషన్లు ఆగినప్పుడు కరెంటు పోయిందనుకున్నారు మాస్టారు. మంగళవారం కూతురు వచ్చి అసలు సంగతి చెప్పాక, అదేదో పక్కింటి గొడవ అన్నట్టు పుస్తకంలో తల దూర్చారు. బుధవారానికి తల దూర్చడానికి పుస్తకం కూడా మిగల్లేదు. భార్య వచ్చి దాన్ని లాక్కుని, మూసి, దానిమీద కత్తెర పెట్టింది.

కత్తెరమ్మ అన్న పేరు కింద కుట్టే ఆడవాళ్ళు పెట్టింది. గుడ్డ కత్తిరించడంలో ఆవిడకి ఎంత నేర్పో, ఎదుటివాళ్ళ మాట తుంచడంలోనూ అంతే. ఆ పేరు ఆవిడకీ తెలుసు. ఎప్పుడూ కాదనలేదు.

"ఆదివారం హాల్లో చెప్పిన పాఠం నాకూ ఒకసారి చెప్పండి. నేర్చుకుంటాను," అంది.

"ఇప్పుడా?"

"శనివారానికి నర్సుల కోట్లు ఇవ్వాలి. ఇంకా యాభై మిగిలాయి. ఇవ్వకపోతే ఆసుపత్రివాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటారు. వాళ్ళు పోతే ఆ గదికి తాళమే. మరి ఇప్పుడు కాకపోతే ఎప్పుడు నేర్చుకోను?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెబుతున్న పాఠం. ఇరవై ఏళ్ళు కాలేజీలో, ఆ కాలేజీ మూతపడ్డాక పదకొండేళ్ళు ప్రతి ఆదివారం హాల్లో. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలరు. భార్య మొహం చూస్తూ చెప్పడం మాత్రం ఇదే మొదలు.

"పనిచేసే మనిషి రోజు రెండు భాగాలు. మొదటి భాగంలో తన కూలికి సరిపడా పని చేసేస్తుంది. రెండో భాగంలో చేసే పనికి ఆమెకు ఏమీ రాదు. అది మిగులు. ఆ మిగులు యజమానికి పోతుంది. అంతే."

"అంత పొట్టిగా చెప్పలేదుట. ఉదాహరణ కూడా ఇచ్చారట."

మాస్టారు బల్లమీద గ్లాసు కాస్త పక్కకి జరిపారు.

"చెప్పండి. సిగ్గెందుకు? ముప్పై మంది ముందు చెప్పినవారు ఇంట్లో పెళ్ళాం ముందు చెప్పలేరా?"

"ఒక కాజాలు కుట్టే ఆవిడ ఉందనుకుందాం అన్నాను." ఆయన గొంతు కాలేజీ గొంతులా లేదు. "రోజుకి తొంభై కాజాలు కుడుతుంది. నలభై ఐదో కాజాతో ఆవిడ కూలి తీరిపోతుంది. నలభై ఆరో కాజా ఎవరికోసం కుడుతోందో ఆలోచించండి అన్నాను."

"నలభై ఐదని మీకెవరు చెప్పారు?"

మాస్టారు మూసిన పుస్తకం వైపు చూశారు.

"మీ జన్మలో ఒక్క కాజా కుట్టారా? చొక్కా గుండీ ఊడితే రెండు వారాలు పిన్నీసు పెట్టుకు తిరిగే మనిషి! మీకెలా తెలుసు నలభై ఐదని?"

"నువ్వే..."

"ఆ. నేనే. పోయిన వారం భోజనాల దగ్గర. 'ఈ ధరకి ఒప్పుకోవచ్చు, మధ్యాహ్నానికల్లా వాళ్ళ కూలి వచ్చేస్తోంది, సాయంత్రం కుట్టిందే మనకి మిగిలేది' అన్నాను. ధైర్యం చెప్పుకోవడానికి అనుకున్న మాట. పక్కన మొగుడున్నాడు అనుకున్నాను. పంతులుగారు ఉన్నారనుకోలేదు."

తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. బీమా ఆఫీసుకి సెలవు పెట్టి మూడు రోజులుగా తల్లికి సాయం చేస్తోంది. అయిదు వేళ్ళలో మూడింటికి సూది గుచ్చుకుంది. రెండు కోట్లు పాడుచేసింది.

"నాన్నా, నువ్వు పాఠం చెప్పలేదు. అమ్మ మాట అప్పజెప్పావు," అంది.

ఆ మాట మాస్టారికి సూటిగా తగిలింది. ఎందుకంటే ఆదివారం ఆయన ఇంటికి ఎంత సంతోషంగా వచ్చారో ఆయనకే తెలుసు. హాలంటే ఇనుప సామాను గోదాము మీద ముప్పై కుర్చీలు పట్టే గది. వచ్చేవాళ్ళలో సగంమంది ఫ్యాను కోసమే వస్తారని కూతురి అభిప్రాయం. అందరూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు. పాఠం ఎవరికోసమో ఆ పనివాళ్ళు తప్ప తక్కినవాళ్ళందరూ వచ్చేవారు. అందుకని మాస్టారు స్వయంగా కిందికి దిగి, కాజాలమ్మని పిలిచారు. "రామ్మా, ఒక్కసారి వచ్చి విను. ఇది మీకోసం రాసిన చదువు."

ఆవిడ వచ్చింది. కుట్టుగదిలో మిగతా ముగ్గుర్నీ వెంటబెట్టుకు వచ్చింది. పక్క వీధి లాండ్రీలో బట్టలుతికే ఆడవాళ్ళు నలుగురైదుగుర్ని కూడా తెచ్చింది. మూడో వరసలో కూర్చుని నోటు పుస్తకం తీసి రాసుకుంది. ఆవిడ రాసుకుంటూంటే మాస్టారికి ఉత్సాహం ఆగలేదు. పుస్తకంలో ఉన్న ఉదాహరణ వదిలేసి, ఆవిడకి అర్థమయ్యేదేదైనా చెబుదామని వెతికితే, నోటికి అందింది భోజనాల దగ్గర విన్న మాట.

"ఇవాళ ఒకావిడ రాసుకుంది తెలుసా!" అని ఇంటికొచ్చి ఇద్దరికీ మూడేసిసార్లు చెప్పారు. ఇంట్లో వినడానికి ఉన్నదే ఇద్దరు.

మర్నాడు నలభై ఐదో కాజా అవగానే కాజాలమ్మ దారం తుంచి, సూది పిన్నుల డబ్బాలో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మిగతా ముగ్గురూ మిషన్లు ఆపారు. సాయంత్రం గంట కొట్టేవరకూ అలాగే కూర్చున్నారు. ఇంటికి పోలేదు, కేకలు వెయ్యలేదు. ఏం కావాలని కత్తెరమ్మ అడిగితే, "ఏమీ వద్దమ్మగారూ. మా కూలి మేరకు కుట్టేశాం. మిగతాది యజమానిగారు వచ్చి కుట్టుకుంటారేమో అని చూస్తున్నాం," అందట కాజాలమ్మ, ఎంతో మర్యాదగా.

"అడిగితే బేరం ఆడొచ్చు," అంది కత్తెరమ్మ ఇప్పుడు. "ఇంత పెంచమంటే అంత పెంచుతాను. వాళ్ళు అడగట్లేదు. పాఠం విన్న పిల్లల్లా కూర్చున్నారు."

"ఇందులో నిన్నెవరూ తప్పు పట్టలేదు," అన్నారు మాస్టారు. "ఇది మనుషుల తప్పు కాదు. పద్ధతిలోనే ఉంది తప్పు."

"మరి తిట్లు మనుషులకే తగులుతున్నాయేం?"

"నిన్నెవరు తిట్టారు?"

"యజమాని అంటే తిట్టు కాదూ మీ పాఠంలో? పొద్దున్న అయిదింటికి లేచి బల్లమీద గుడ్డ పరుస్తాను. వాళ్ళు వచ్చేసరికి నాలుగు గంటల పని అయిపోతుంది. వాళ్ళు వెళ్ళాక ఇస్త్రీ చేస్తాను. ఈ చెయ్యి భుజం పైకి లేవడం మానేసి రెండేళ్ళయింది. తల దువ్వుకోవడానికి కూతుర్ని పిలవాలి. మీ లెక్కలో నేనెక్కడున్నాను? నన్ను ఏ గడిలో వేశారు?"

"నీది... పర్యవేక్షణ శ్రమ. దానికి వేరే..."

కూతురు నవ్వింది. కత్తెరమ్మకి నవ్వు రాలేదు.

"మీ గడ్డపాయన అంత పెద్ద పుస్తకం రాశాడే, ఆ రాసినన్నాళ్ళూ ఆయనకి వండి పెట్టింది ఎవరు? ఎన్నో ముద్దకి ఆవిడ కూలి తీరింది? అది రాశాడా?"

మాస్టారు గోడమీది గడ్డపాయన బొమ్మ వైపు చూడబోయి మానేశారు. కష్టకాలంలో ఆయన అటువైపు చూడటం అలవాటు. ఇవాళ ఆయన ముందు కూడా మొహం చెల్లలేదు.

"నేను ఆ హాలు కోసం నా సుఖం ఏం చూసుకున్నాను చెప్పు," అన్నారు, గొంతు చిన్నది చేసి. "నెలనెలా అద్దె నేనే కడుతున్నాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు."

అన్నాక ఆ మాట ఆయన చెవికే వినబడింది. కాలేజీ మూతపడి పదకొండేళ్ళు. పెన్షను లేదు. హాలు అద్దె, పుస్తకాలు, కరపత్రాల అచ్చు. ఇవన్నీ బల్ల సొరుగులోంచి వచ్చేవి. సొరుగులోకి ఎక్కణ్ణుంచి వచ్చేవో ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఇతరుల జేబులోకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముప్పై ఒక్క ఏళ్ళు ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి.

నలభై ఆరో కాజా నుంచి వచ్చింది. ఇంకెక్కణ్ణుంచి?

భార్య ఆ మాట అంటుందని ఎదురుచూశారు. ఆవిడ అనలేదు. కూతురూ అనలేదు. ఇద్దరూ నేల చూశారు. తిట్టి ఉంటే బాగుండును. ఆయన చెవులు వేడెక్కి, మొహం మెడ దాకా ఎర్రబడింది. అరవై మూడేళ్ళ వయసులో అంత సిగ్గు ఒంట్లో దాగి ఉందని ఆయనకే తెలీదు.

కత్తెరమ్మ కత్తెర అందుకుంది.

"కిందికి రండి. వచ్చి ఆ లెక్క తప్పని చెప్పండి."

"అది తప్పు కాదు."

"అయితే ఒప్పని చెప్పండి. చెప్పి, రేపటినుంచి ఆ పుస్తకాలు ఉడకబెట్టుకు తినండి. నాకేం? నా చేతికి విశ్రాంతి."

"అమ్మా," అంది కూతురు.

"నువ్వాగు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చలో గెలిచి ఇంటిమీదికి వచ్చారు." ఆవిడ కత్తెర మళ్ళీ బల్లమీద పెట్టేసింది. "ఆ నలుగురి మొహాలూ నేను చూడలేకపోతున్నానండీ. పదకొండేళ్ళు ఒక్కచోట కూర్చున్నాం. సోమవారం నుంచి నేను గదిలోకి వస్తే వాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఇదివరకు లేచేవాళ్ళు కాదు."

మాస్టారు లేచారు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పద్నాలుగు మెట్లూ దిగేదాకా ఆయనకి ఆ సామెత తప్ప ఇంకేం తోచలేదు. పాఠం తప్పంటే ముప్పై ఒక్క ఏళ్ళు గాలికి పోతాయి. ఒప్పంటే కింద గది పోతుంది, ఆ గదితో పాటు ఆ చెయ్యి లేవని మనిషి.

కుట్టుగది శుభ్రంగా ఉంది. మామూలుగా మధ్యాహ్నానికి నేలంతా కత్తిరింపు ముక్కలూ దారాలూ ఉండాలి. పని లేక ఎవరో ఊడ్చేశారు. మిషన్ల మీద సగం కుట్టిన తెల్ల కోట్లు చేతులు వేలాడేసుకుని ఉన్నాయి. కాలర్ల ఆవిడ, చేతుల ఆవిడ, అంచుల ఆవిడ వరసగా కూర్చున్నారు. కిటికీ పక్క ముక్కాలిపీట మీద కాజాలమ్మ. ఆయన్ని చూడగానే నలుగురూ లేచారు.

"కూర్చోండమ్మా, కూర్చోండి."

ఆయన కూర్చునేదాకా కూర్చోలేదు. ఖాళీగా ఉన్నది కత్తెరమ్మ కుర్చీ ఒక్కటే. దాంట్లో కూర్చోవలసి వచ్చింది.

"ఏమ్మా, ఎందుకిలా?" అన్నారు, తెలియనట్టు. తేలు కుట్టిన దొంగ అంతకంటే బాగా నటిస్తాడు.

కాజాలమ్మ నోటు పుస్తకం తీసింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ కాజాలు ఆవిడ చూపులో మూడు వంతులు తినేశాయి.

"నాకు పెద్ద చదువు లేదు మాస్టారూ. తప్పు రాసుకుంటే మీరే దిద్దండి. 'యజమాని అంటే పని చెయ్యకుండా మిగులు తీసుకునే మనిషి.' ఇలాగే కదా చెప్పారు?"

"ఆ... అలాగే."

"మేం ఆదివారం ఇంటికెళ్తూ దారంతా ఇదే మాట్లాడుకున్నాం. మా యజమాని ఎవరా అని. ముందు అమ్మగారనుకున్నాం. తర్వాత ఇదిగో ఈ చేతుల ఆవిడ అంది, అమ్మగారు మనకన్నా ముందొస్తారు, మనకన్నా వెనక లేస్తారు, మనతోపాటే బల్ల దగ్గర నిలబడతారు, పని చెయ్యని మనిషి ఎలా అవుతారూ అని. నిజమే కదా. మరి ఎవరూ? సోమవారం పొద్దున్న వచ్చి చూశాం."

"ఏం చూశారు?"

ఆవిడ వేలు పెట్టి చూపించలేదు. చూపించడం మర్యాద కాదనుకుందేమో. తల కొంచెం పైకెత్తి గోడవైపు చూసింది, అంతే. మిగతా ముగ్గురూ అటే చూశారు.

గోడకి షాపు లైసెన్సు అద్దాల చట్రంలో వేలాడుతోంది. మాస్టారు లేచి దగ్గరికి వెళ్ళారు. అద్దం మీద దూది పేరుకుంది. చేత్తో తుడిచారు. 'యజమాని' అని అచ్చువేసి ఉన్నచోట, పక్కన, గుండ్రటి అక్షరాలతో ఆయన పేరు. ఇంటిపేరుతో సహా. డిగ్రీలతో సహా.

కింద ఆయన సంతకమే.

అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట ఆఫీసు గుమాస్తా, చదువుకున్న మగవాళ్ళ పేరున అయితే పని త్వరగా అవుతుందన్నాడు. భార్య కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. ఒక చేతిలో పుస్తకం ఉంది. రెండో చేత్తో సంతకం పెట్టారు. ఏం రాసుందో చూడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు నయం. వాడికి దొంగతనం చేసినట్టయినా తెలుసు.

"అది... అది ఊరికే, పేరుకి," అన్నారు గోడవైపే తిరిగి.

"పేరు మీదే కదండీ."

వెటకారమా అని ఆయన గిరుక్కున తిరిగి చూశారు. కాజాలమ్మ కళ్ళు ఆయన మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నాయి. వెటకారం లేదు. ఆదివారం మూడో వరసలో ఎలా చూసిందో ఇప్పుడూ అలాగే చూస్తోంది, చెబితే రాసుకుందామని.

"మాస్టారూ, మాకు గొడవ పెట్టుకోవాలని లేదు. అమ్మగారి ఉప్పు తిన్నాం. మీరు పిలిచి చెప్పారు గనక విన్నాం, విన్నాం గనక చేశాం. మీరు చెప్పింది నిజమా, పుస్తకం మాటా? ఒక్క ముక్క చెప్పండి. మీరేదంటే అది."

మెట్లమీద అలికిడి అయింది. మెడలో టేపు వేసుకుని కత్తెరమ్మ సగం మెట్లు దిగి నిలబడింది. ఒక చేత్తో రెండో భుజం పట్టుకుని ఉంది.

మాస్టారు నోరు తెరిచారు. నిజం చెప్పడానికే తెరిచారని ఆ తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నారు.

"అది పెద్ద పెద్ద ఫ్యాక్టరీల సంగతమ్మా," అన్నారు. "వేలమంది పనిచేసే చోట. మనలాంటి... ఇంటి మనుషుల్లా కలిసి చేసుకునే చోట అది వర్తించదు."

"వర్తించదా?"

"వర్తించదు."

"కాజాలు అన్నారు కదండీ మీరు?"

"ఉదాహరణకి అన్నాను. ఉదాహరణ తప్పు. పొరపాటు నాదే."

అన్నారు, అయిపోయింది. ఇంత తేలిగ్గా వచ్చే అబద్ధమా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. కాలేజీ యాజమాన్యం ఉద్యోగం తీసేస్తామని బెదిరించినప్పుడు కూడా ఆ పాఠంలో ఒక్క అక్షరం మార్చని మనిషి. భార్య వైపు చూశారు, పోనీ ఆవిడ మొహమైనా తేలికపడిందేమోనని. ఆవిడ మొహం తిప్పేసుకుంది. అడిగి మరీ చెప్పించుకున్న మాట విని, ఆవిడే సిగ్గుపడుతోంది.

కాజాలమ్మ నోటు పుస్తకం మళ్ళీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. పెన్సిలు తీసి నోటు పుస్తకంలో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. జాగ్రత్తగా, గీత వంకర పోకుండా.

"అమ్మయ్య," అంది. "మూడు రోజుల్నుంచీ అమ్మగారి మొహం చూడలేక చస్తున్నాం మాస్టారూ. మాదే తప్పన్నమాట. ఏమనుకోకండి." సూది అందుకుని, దారం నోట్లో తడిపి, రెండోసారికి ఎక్కించింది. "పొరపాటని ముందే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు కదా."

కాలర్ల ఆవిడ మిషను తొక్కింది. తర్వాత చేతుల ఆవిడ. గది అదిరింది.

మాస్టారు తలుపు వైపు నడిచారు. ఆ చప్పుడులో తనని ఎవరూ చూడకుండా పైకి పోతే చాలనుకున్నారు.

"మాస్టారూ!" కాజాలమ్మ గొంతు పెంచి పిలిచింది. "ఈ ఆదివారం హాల్లో కూడా ఈ మాట చెప్పండి. మర్చిపోకండి. ఆ లాండ్రీ వాళ్ళు కూడా మీ పాఠం రాసుకున్నారు. పన్నెండేసి గంటలు వేణ్ణీళ్ళలో ఉంటారు పాపం, చేతులు పుళ్ళు పడిపోయాయి. వచ్చే సోమవారం నుంచి వాళ్ళూ మధ్యాహ్నం ఆపేద్దామని ఒట్టేసుకున్నారు. అదీ చిన్న షాపే, ఏడుగురే పని చేస్తారు. వాళ్ళకీ వర్తించదు కదా? మీరు చెప్పకపోతే అనవసరంగా పని పోగొట్టుకుంటారు."

మాస్టారు మెట్ల దగ్గర ఆగిపోయారు. లాండ్రీ యజమాని ఎలాంటివాడో వీధిలో అందరికీ తెలుసు. ఆ ఆడవాళ్ళ చేతులు ఆయనే ఆదివారం చూశారు. చూసే, పాఠం మరో అరగంట పొడిగించారు.

"చెబుతారు కదూ?"

ఆయన తల ఊపారు. అవునన్నట్టో కాదన్నట్టో ఆయనకే తెలీలేదు. చూపు సరిగ్గా ఆనని కాజాలమ్మ అవుననే అనుకుంది.

మెట్లు ఇరుకు. కత్తెరమ్మ పక్కకి తప్పుకోలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ హాలు గుమ్మం తొక్కని మనిషి, కింద మిషన్ల మోతలో ఆయనకి మాత్రమే వినబడేలా అంది.

"ఆదివారం నేనూ వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను."